ముందు గుండ్లకమ్మ, ఆ తర్వాతే ఎగ్మోర్

ఆదిమానవుడి గురించి పిల్లలకు చెప్పాలనుకునే అమ్మానాన్నలకు నాదొకటే మాట: మ్యూజియం కంటే ముందు ఏరు చూపించండి.

మేం మొదట నేరుగా చెన్నై ఎగ్మోర్ మ్యూజియానికి వెళ్లాం. అద్దాల వెనక ఉన్న రాతి పనిముట్లను మా చిన్నోడు రెండు నిమిషాలు చూసి, "మామూలు రాళ్లే కదా నాన్నా" అన్నాడు. నాకు బాధేసింది. 1863లో చెన్నై దగ్గరి పల్లావరంలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు దొరికిన పనిముట్టుతోనే మన దేశపు పాత రాతియుగం వెలుగులోకి వచ్చింది. ఆయన ఏళ్ల తరబడి సేకరించినవి ఉన్నది ఆ మ్యూజియంలోనే.

అందుకే సంక్రాంతి సెలవుల్లో ఒంగోలు నుంచి కారులో కంభం వైపు వెళ్లాం. రాత్రికి మార్కాపురంలో లాడ్జి. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్ల బకెట్‌కి మాత్రం గంట పట్టింది. పిల్లలుంటే ముందే చెప్పి పెట్టుకోండి.

తెల్లారి గుండ్లకమ్మ ఒడ్డున నడిచాం. కంభం, గిద్దలూరు ప్రాంతాల్లో పాత రాతియుగపు పనిముట్లు దొరికాయి. అప్పటి ప్రకాశం జిల్లాలోనే 41 వేల ఏళ్ల నాటి నిప్పుకోడి గూడు బయటపడిందని 2024లో వడోదర పరిశోధకులు ప్రకటించారు. ఆ మాట వినగానే మా అమ్మాయి ఏటి అవతలి పొలాల వైపు అదేపనిగా చూసింది, ఇప్పుడే ఒకటి పరిగెత్తుకొస్తుందేమో అన్నట్టు.

ఏటి ఒడ్డున ఏ రాయీ తీయొద్దని, జేబులో వేసుకోవద్దని ముందే చెప్పాను. పనిముట్టును దాని చోటు నుంచి కదిపితే సగం కథ పోతుంది. ఇంటికొచ్చాక పనివాళ్లు పోసిన గులకరాళ్లలో ఒకటి తీసుకుని, పిల్లల్ని దూరంగా నిలబెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని ఇంకో రాయితో కొట్టాను. నాలుగైదు దెబ్బలకు ఒక పెచ్చు లేచింది. దాంతో దోసకాయ కోస్తే సాఫీగా తెగింది. పెచ్చు ఊడిన చోట గిన్నెలాంటి పల్లం. దాన్ని ఇద్దరూ వేలితో తడిమి తడిమి చూశారు.

నెల తర్వాత పినాకిని రైలెక్కి మళ్లీ ఎగ్మోర్ మ్యూజియానికి. రాత్రి అక్కడే ఉండేలా వెళ్లండి, ఒక్కరోజులో హడావుడి అవుతుంది. శుక్రవారం మ్యూజియానికి సెలవు. ఈసారి చిన్నోడు ఒక చేతిగొడ్డలి ముందు నిలబడి పెచ్చులు లేచిన గుర్తులు లెక్కపెట్టాడు. పదిహేడు దాకా వచ్చాక, అవతలి వైపు కూడా చూడాలి, అద్దం తీయమని అడుగు నాన్నా అన్నాడు.