బెజవాడలో రేడియో వెంట

విజయవాడ వెళ్లేవాళ్లు మామూలుగా దుర్గమ్మ గుడికో, రైల్వే స్టేషనుకో దగ్గరగా గది చూసుకుంటారు. నేను వెళ్లింది ఆకాశవాణి కోసం. అందుకే ఏ గది చూసినా ముందు చిన్న ట్రాన్సిస్టర్ తీసి, 837 కిలోహెర్ట్జ్ మీద విజయవాడ కేంద్రం ఎలా పలుకుతుందో విన్నాను.

గవర్నర్‌పేటలో దిగిన లాడ్జి శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వేళకు వచ్చాయి. రేడియోకు మాత్రం అది పనికిరాదు. ఎల్‌ఈడీ దీపాలు, ఛార్జర్లు, గోడల్లోని ఇనుము కలిసి మీడియం వేవ్ (పాతకాలపు ఏఎం) ప్రసారాన్‌ను గురగురలో ముంచేశాయి. కిటికీ దగ్గర సెట్టును అటూ ఇటూ తిప్పితే కొంత నయం. లోపల యాంటెన్నాగా ఉండే ఫెర్రైట్ కడ్డీ తన పక్కల నుంచి వచ్చే తరంగాలనే బాగా పట్టుకుంటుంది కదా! కృష్ణ ఒడ్డున పర్యాటక శాఖ వారి హరిత బెర్మ్ పార్కు ఆవరణలో అదే సెట్టు ఎంత స్వచ్ఛంగా పలికిందో! చుట్టూ నీళ్లు, ఖాళీ స్థలం. ఊళ్లోకి రావడానికి ఆటో ఖర్చు తప్పదు కానీ, రేడియో ఇష్టపడేవారికి నా ఓటు నది ఒడ్డుకే.

బందరు రోడ్డులోని ఆకాశవాణి కేంద్రం పర్యాటక స్థలం కాదు, పనిచేసే కార్యాలయం. ముందుగా అనుమతి లేకుండా లోపలికి వెళ్లాలనుకోవడం సరికాదు. ప్రహరీ బయట నిలబడినా నాకు గుండె నిండింది. ఈ కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు 1న. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటానికి ఇంకా ఐదేళ్లు ఉంది. అంతకు ముందు కోస్తా జిల్లాల వాళ్లు తెలుగు మాట కోసం 1938లో మొదలైన మద్రాసు కేంద్రం వైపు చెవులు నిక్కించేవారు. పాలనకు రాజధాని రాకముందే తెలుగు గొంతుకు బెజవాడలో ఒక ఇల్లు దొరికింది.

ఆ ఇంట్లో పనిచేసినవాళ్ల పేర్లు తలచుకుంటే ఆశ్చర్యమే. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం. పొద్దున్నే వచ్చే భక్తిరంజని వాళ్ల కృషితోనే ఇంటింటికీ చేరింది. ఇక సంగీత పాఠాల్లో గురువు ఒక పంక్తి పాడితే శిష్యులు అందుకోవడం, దాన్ని ఎక్కడో పల్లెలో రేడియో ముందు కూర్చున్న పిల్ల నేర్చుకోవడం! ఫీజు కట్టలేని ఇళ్లకు సంగీత పాఠం చేరిన దారి అదే. ఇక ఉషశ్రీ రామాయణ, భారతాల ప్రవచనం వచ్చే వేళకు మా ఇంట్లో పనులు ఆగేవి. ఆ గొంతులో గద్దింపు ఉండేది, దాని వెనకే వాత్సల్యం. నండూరి సుబ్బారావు వంటి వారి నాటకాల్లో తలుపు చప్పుడు వింటే మనిషి కళ్ల ముందుకు వచ్చేవాడు. ఇప్పటి ప్రసారాల్లో నాకు లోటుగా కనిపించేది ఆ ఓపికే. మాటకూ మాటకూ మధ్య మౌనాన్ని నమ్మే ఓపిక.

అదే బందరు రోడ్డు మీద చిత్రకారుడు బాపు పేరు పెట్టిన మ్యూజియం ఉంది. 1887లో కట్టిన పాత విక్టోరియా జూబిలీ భవనం అది. 1921లో పింగళి వెంకయ్య జెండా నమూనాను గాంధీజీకి అందించింది ఈ ఊళ్లోనే. తీరిగ్గా చూడదగ్గ చోటు. ఇలాంటి ఊళ్లో పాత రేడియో ప్రసారాలు కూర్చుని వినడానికి ఒక గది కూడా ఉండాలని నా గట్టి కోరిక. బొమ్మలకు మ్యూజియం ఉన్నప్పుడు గొంతులకు ఎందుకు ఉండకూడదు?

ఉండవల్లి గుహలకు బ్యారేజీ దాటి వెళ్లాను. పవళించిన అనంతపద్మనాభుడిని చూశాక బయట మెట్ల మీద ఆకాశవాణి వారి రెయిన్‌బో కృష్ణవేణి ఎఫ్‌ఎం 102.2 పెట్టాను. స్పష్టంగా వచ్చింది. ఎఫ్‌ఎం ధ్వని తేటగా ఉంటుంది, కానీ దాని పరిధి చిన్నది. మీడియం వేవ్ అయితే రాత్రివేళ ఆకాశంలో పరావర్తనం చెంది చాలా దూరం పోతుంది. బెజవాడ మాట జిల్లాలు దాటి వినిపించింది ఆ బలంతోనే.

భోజనం సంగతి క్లుప్తంగా చెబుతాను. గాంధీనగర్ బాబాయ్ హోటల్లో వెన్నపూస ఇడ్లీ తినాలి, అది రైల్వే స్టేషనుకు దగ్గరే. ఊళ్లో తిరగడానికి బందరు రోడ్డు మీది సిటీ బస్సులు చాలు. ఆటో ఎక్కితే ముందే బేరం కుదుర్చుకోవాలి. ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణాలకు ఒక పూట వదిలిపెట్టండి.

దసరా రోజుల్లో, భవానీ దీక్షల విరమణ సమయంలో గదులు దొరకడం కష్టం, ధరలూ పెరుగుతాయి. మే నెల ఎండ భరించలేం. డిసెంబరు మొదటి వారం మేలు. ఎండ తగ్గుతుంది, కేంద్రం పుట్టినరోజూ అప్పుడే. వెళ్లేటప్పుడు ఫోను యాప్ ఉందిలే అనుకోకుండా మీడియం వేవ్ ఉన్న రేడియో సెట్టును, కొత్త బ్యాటరీ సెల్స్‌ను వెంట పెట్టుకోండి.