ఈ-రీడర్ కొనాల్నా, పుస్తకాలే కొనుక్కోవాల్నా: నల్లగొండ నుంచి ఏడాది వాడినంక నా రివ్యూ

స్టాఫ్ రూంల ఇప్పటికి నలుగురు అడిగిన్రు, టీచరమ్మా ఆ ఈ-రీడర్, పుస్తకాలు చదువుకునే ఆ పలక లెక్కది, మంచిగుంటదా, మేం గూడ కొనాల్నా అని. ఒక్కొక్కరికి సగం సగం చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాస్తున్న. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే నేను చెప్పేది ఆరు ఇంచుల ఈ-ఇంక్ స్క్రీన్ ఉన్న ఏ రీడర్‌కైనా దాదాపు వర్తిస్తది. కవర్‌తోని కలిపి నాకు 14 వేలు దాటింది, టీచర్ జీతానికి అది చిన్న ఖర్చేం కాదు, అందుకే నెల రోజులు ఆలోచించి తీసుకున్న.

నేను రోజూ మండలానికి అప్ అండ్ డౌన్ చేస్త, రెండు గంటలు బస్సులనే పోతది. ఫోన్ల చదివితే అరగంటకే కండ్లు మండేటివి. ఈ రీడర్ల ఆ మంట లేదు. ఫోన్ స్క్రీన్ వెనక నుంచి కండ్లలకి వెలుగు కొడతది, ఈ-ఇంక్ అట్ల కాదు, కంటికి కనపడనంత చిన్న గుళికల్ల నల్ల రంగు పొడి తెల్ల రంగు పొడి ఉంటది, కరెంటు తగలంగనే ఒకటి పైకి వస్తది ఒకటి కిందికి పోతది, అట్ల అక్షరం తయారైతది, ఇగ పేజీ తిప్పేదాక దానికి కరెంటే అక్కర లేదు. అందుకే ఛార్జింగ్ నాకు మూడు వారాలు వస్తున్నది. బస్సుల కిటికీ పక్కన ఎండ సీదా పడ్డా కాగితం లెక్కనే కనపడతది. చీకటి పడితే లైటు పెట్టుకోవచ్చు, ఆ లైటు గూడ పక్కల నుంచి అక్షరాల మీద పడతది, మన మొహం మీదికి రాదు. ఇంగ్లీష్ నవల 600 పేజీలది ఒక చేత్తోని పట్టుకొని, ఇంకో చేత్తోని రాడ్ పట్టుకొని నిలబడి చదివిన రోజులు ఉన్నయి. ఇంగ్లీష్ వరకైతే నాకు ఒక్క ఫిర్యాదు లేదు.

ఒక్క జాగ్రత్త చెప్త, మన దగ్గర మే నెల ఎండ 45 దాక పోతది గదా, స్కూటీ డిక్కీల పెట్టి మాత్రం మర్సిపోవద్దు.

ఇగ తెలుగు సంగతి. కొనేముందు ఇది ఎవ్వరు చెప్పలేదు నాకు. 2016 డిసెంబర్ల అమెజాన్ వాళ్ళు కిండిల్ అనే తమ ఈ-రీడర్‌ల భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టిన్రు, హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం, మొత్తం ఐదు. అండ్ల తెలుగు లేదు. ఇన్ని కోట్ల మందిమి మాట్లాడే భాష ఆ లిస్టుల లేకపాయె అని తెలిసిన రోజు నాకు నిజంగ మనసు చివుక్కుమన్నది. మన దిక్కు గూడ కారణం ఉన్నది, తెలుగు పుస్తకాలు ఏండ్ల తరబడి పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌ల ‘అను’ అనే పేరున్న ఫాంట్లతోని టైప్ చేసిన్రు, అవి యూనికోడ్ కావు, అంటే అన్ని కంప్యూటర్లు ఫోన్లు ఒకే తీర్గ గుర్తుపట్టే అక్షరాల పద్ధతి కాదు, ఆ ఫైల్ తెరిచి కాపీ చేస్తే తెలుగు బదులు ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులు గీకినట్టు వస్తయి. అట్లాంటి ఫైల్‌ని ఈ-బుక్ చేయాల్నంటే మళ్ళ మార్చాలె, మళ్ళ ప్రూఫ్ చూడాలె, చిన్న ప్రచురణకర్తకి ఆ ఖర్చు యాడికెళ్ళి వస్తది.

సరే పాత పుస్తకాలన్న చదువుదామని ఆర్కైవ్ డాట్ ఆర్గ్ నుంచి స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు దించిన. తెలుగు పాత పుస్తకాలు అక్కడ మస్తు ఉన్నయి. గాని ఆరు ఇంచుల స్క్రీన్ మీద పూర్తి పేజీ పెడితే అక్షరం ఆవగింజ అంత కనపడతది, పెద్దగ చేస్తే లైను సగం బయటికి పోతది, అడ్డం తిప్పితే ఒక పేజీకి మూడు సార్లు జరపాలె. స్కాన్ అంటే ఫొటోనే గదా, అక్షరాలు లైను మారి సర్దుకోవు. పీడీఎఫ్‌ల కోసమే కొనేటోళ్ళైతే పది ఇంచుల టాబ్లెట్ తీసుకోన్రి, ఇది వద్దు.

నా అభిప్రాయం మార్చింది మా నాయిన. ఆయన రిటైరైన తెలుగు పండితుడు, ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండో కన్ను చూపు తక్కువ. ట్రంకు పెట్టె నిండ పుస్తకాలున్నయి గాని ఆ అచ్చు కనపడక మూడేండ్ల నుంచి తెరుస్త లేడు, పేపర్ల హెడ్డింగులు చదివి పక్కకు పెడతడు. ఆయన ఎక్కువ తలుసుకునేది సురవరం ప్రతాపరెడ్డి గారిని, మన పాలమూరు ఆయన, గోలకొండ పత్రిక నడిపినాయన, తెలంగాణల కవులే లేరన్న మాటకు 354 మంది కవులతోని 1934ల సంచిక అచ్చేసి చూపెట్టినాయన. ఆయన 1953ల పోయిండు, మన కాపీరైట్ చట్టం లెక్కన రచయిత పోయినంక 60 ఏండ్లే హక్కు, అంటే 2014 నుంచి ఆయన రాసినవి ఎవరైనా వాడుకోవచ్చు. ఆయన రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ పుస్తకం స్కాన్ కాకుండ టైప్ చేసిన టెక్స్ట్ దొరికింది, దాన్ని ఈపబ్, అంటే స్క్రీన్‌కు తగ్గట్టు అక్షరాలు సర్దుకునే ఈ-బుక్ ఫైల్, చేసి రీడర్ల వేసిన. మొదాలు ఒత్తులు సక్కగ రాలే. సురవరం అనే పేరుతోనే ఒక యూనికోడ్ ఫాంట్ ఫ్రీగ దొరుకుతది, అది దించి రీడర్ల ఫాంట్స్ ఫోల్డర్ల వేస్తే కుదురుకున్నయి. అక్షరం ఎంత పెద్దగ అయితదో అంత చేసి, పేజీకి ఏడు లైన్లే వచ్చినయి, నాయిన చేతుల పెట్టిన.

ఇది పుస్తకమేనా బిడ్డా, పలక లెక్క ఉన్నది అన్నడు. ఇగ మాట్లాడలేదు. నేను వంటింట్ల చపాతీలు చేస్తుంటే పైకి చదువుడు వినపడ్డది, మూడేండ్ల తర్వాత. స్టవ్ బంద్ చేసి తలుపు దగ్గర నిలబడి ఇన్న. ఈ ఒక్క పనికి 14 వేలు కాదు, రెండింతలు పెట్టినా నాకు బాధ లేదు.

అయినా ఆయన అచ్చు పుస్తకం ఇడువలేదు. మంచం మీద పక్కనే పెట్టుకుంటడు. ఏదన్న యాదికొస్తే, అది ఎడమ దిక్కు పేజీల కింద ఉంటది బిడ్డా, పెన్సిల్‌తోని గీత కొట్టి ఉంటది చూడు అంటడు, నేను తెరుస్తే నిజంగ అక్కడనే ఉంటది. రీడర్ల ఎడమ పేజీ లేదు కుడి పేజీ లేదు, అక్షరం సైజు మారిస్తే పేజీలే మారిపోతయి, 43 శాతం అయింది అని చూపిస్తది అంతే. సెర్చ్ ఉన్నది గాని నాయినకి మాట గుర్తుండదు, జాగ గుర్తుంటది. నాక్కూడ అంతే, బస్సుల చదివిన ఇంగ్లీష్ నవలలు సగం కలిసిపోయినయి, చిన్నప్పుడు జిల్లా గ్రంథాలయంల చదివిన బొమ్మల పుస్తకం ఏ పేజీల ఏ బొమ్మో ఇప్పటికి చెప్త.

గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యే పిల్లలకైతే అచ్చు పుస్తకమే కొనమంట, మ్యాపులు, టేబుళ్ళు, అంచుల మీద రాసుకునుడు ఇవన్ని ఈ చిన్న స్క్రీన్ మీద కావు. చిన్న పిల్లలకి అసలే వద్దు, రంగు బొమ్మలు నా రీడర్ల రావు. ఇంకోటి, పుస్తకం చదివి పక్కింటోళ్ళకి ఇస్తం, నాది ఎవరికిస్త? ఇస్తే లైబ్రరీ మొత్తం ఇచ్చినట్టు. కొత్త తెలుగు కథలు నవలలు చదివేటోళ్ళు ఆ 14 వేలు డిసెంబర్ల హైదరాబాద్ బుక్ ఫెయిర్ల పెట్టుకోన్రి, మన నల్లగొండ నుంచి పొద్దున బస్సెక్కితే రాత్రికి సంచి నిండ తెచ్చుకోవచ్చు. ఇంగ్లీష్ బాగ చదివి రోజూ ప్రయాణం చేసేటోళ్ళు, ఇంట్ల చూపు తగ్గిన పెద్దోళ్ళున్నోళ్ళు మాత్రం రీడర్ తీసుకోన్రి, ఈపబ్ పడుతదా, ఫాంట్ వేసుకోనిస్తదా అని అడిగి మరీ తీసుకోన్రి.

తెలుగు వికీసోర్స్ అనే ఫ్రీ పుస్తకాల సైట్‌ల చాలా పాత పుస్తకాలు ఈపబ్ లెక్క డౌన్‌లోడ్ అయితయి, అది చూసుకోన్రి. మా నాయిన పెట్టెల ఇంకో నలభై దాక ఉన్నయి, అండ్ల టెక్స్ట్ దొరికినవి మూడే. కాపీరైట్ అయిపోయిన ఇంకో పుస్తకం స్కాన్ వికీసోర్స్‌లనే ఉంటే, దాని అక్షర తప్పులు దిద్దుడు నేనే మొదలుపెట్టిన, రోజుకి రెండు పేజీలు. మిగిలినవి రాత్రి అన్నం తిన్నంక నాయినకి నేను చదివి వినిపిస్తున్న, నిన్ననే ఒకటి అయిపోయింది.