జూమ్ పాడ్‌ట్రాక్ పీ4: నా ఓటు ఆ ఫోన్ సాకెట్‌కే

పీ4 అంటే పాడ్‌కాస్ట్‌ల కోసం చేసిన చిన్న మిక్సర్, రికార్డర్ కూడా అదే. దీనికి తగిలించుకునే నాలుగు మైకులు, నాలుగు హెడ్‌ఫోన్లు, ఎస్డీ కార్డు, వీటి గురించి అందరూ చెప్పేశారు కాబట్టి మళ్లీ చెప్పను. పద్యనాటకం కళాకారులతో మాట్లాడి రికార్డు చేసే పాడ్‌కాస్ట్ మాది. సగం మంది అతిథులు ఊళ్లో ఉండరు, హైదరాబాద్‌లో కొడుకు దగ్గరో అమెరికాలో కూతురి దగ్గరో ఉంటారు. అందుకే ఇందులోని 3.5 మి.మీ. ఫోన్ సాకెట్ అంటే నాకు ప్రాణం.

మామూలు మిక్సర్‌కి ఫోన్ తగిలిస్తే అవతలివాళ్ల గొంతు తిరిగి వాళ్లకే వెళ్తుంది, తమ మాట తమకే కాస్త ఆలస్యంగా వినబడుతుంటే పెద్దవాళ్లు తడబడి ఆగిపోతారు. పీ4 అవతలికి పంపేదాంట్లోంచి వాళ్ల గొంతు ఒక్కటీ తీసేసి మిగతాదంతా పంపుతుంది. మిక్స్ మైనస్ అంటే ఇదే. పైగా ఫోన్ గొంతు విడి ట్రాక్‌లో పడుతుంది కాబట్టి ఇద్దరం ఒకేసారి మాట్లాడిన చోట నా గొంతు తగ్గించేసుకుంటాను.

ఏడిపించింది కేబుల్. స్త్రీ పాత్రలకు పేరుపడ్డ ఒక పెద్దాయన లైన్లో ఉన్నారు, ఆయన గొంతు మాకు గంటలా వినబడుతోంది, ఆయనేమో "ఏమయ్యా, నూతిలోంచి మాట్లాడుతున్నావా?" అంటారు. గెయిన్ (మైకు సిగ్నల్‌ని ఎంత పెంచి తీసుకోవాలన్నది) పెంచాం, మైకు మార్చాం, ఆఫ్ చేసి ఆన్ చేశాం, ఊహూఁ. చివరికి ఫోన్ అడుగు అంచు మీద వేలితో తడితే "ఇప్పుడేదో టకటకమంది" అన్నారు. అంటే ఆయనకి వెళ్తున్నది మిక్సర్ సౌండ్ కాదు, బల్ల మీదున్న ఫోన్ సొంత మైకు! ఏ ఆక్స్ కేబుల్ అయినా ఒకటేనని షాపులో అంటగట్టిన కేబుల్ అది, పిన్ను మీద నల్ల గీతలు రెండే ఉన్నాయి. మైకు సిగ్నల్ కూడా వెళ్లాలంటే మూడు గీతలుండాలి, టీఆర్ఆర్ఎస్ అని అడగాలి. అది రాగానే నూతి గోల వదిలింది. ఫోన్‌కి హెడ్‌ఫోన్ సాకెట్ లేకపోతే మధ్యలో పెట్టే డాంగిల్ కూడా మైకు పనిచేసేదే అయ్యుండాలి.

ఇంత మెచ్చుకున్నా, ఫోన్ కలిపితే మూడో ఛానల్ దానికే పోతుంది, ఇక గదిలో మైకులు మూడే. మాటల వరకు ఫోన్ బ్రహ్మాండం, పద్యం పాడితే మాత్రం నాయిస్ తగ్గించబోయి కాల్ యాప్ ఆ చివరి రాగాన్ని తెగ్గొడుతుంది, అది మిక్సర్ చేతిలో లేని పని. అందుకని పద్యాలు వాళ్ల ఫోన్లోనే విడిగా రికార్డు చేసి పంపమంటున్నాం. ఇంకోటి, ఇందులో ఫేడర్లు (పైకీ కిందికీ జరిపి సౌండ్ సర్దే మీటలు) లేవు, ఉన్నది గెయిన్ నాబ్, మధ్యలో తిప్పితే రికార్డయ్యేదే మారిపోతుంది. ఒక్కసారిగా పైస్థాయికి వెళ్లే గొంతుల కోసం ముందే కాస్త తగ్గించి, సౌండ్ హద్దు దాటి పగలకుండా ఆపే లిమిటర్ ఆన్ చేసి పెడతాను.

మాలా బయటివాళ్లతో ఫోన్లో మాట్లాడే పని ఎక్కువుంటే, అదీ ఇంత చిన్న సెటప్‌తో సరిపోతుందనుకుంటే, కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. అందరూ ఒకే గదిలో కూర్చుని, మాట్లాడుతుండగానే లెవెల్స్ సర్దే అలవాటున్నవాళ్లు మాత్రం ఫేడర్లున్నది చూసుకోవడమే మేలు.