సొంతంగా కంపైల్ చేసిన కెర్నలా, ఉబుంటు ఇచ్చే కెర్నలా: ఏది మేలు?

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ల్యాప్‌టాప్ కొని ఉబుంటు (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకున్న చాలామందికి మొదట ఎదురయ్యే చిక్కు వైఫై పట్టకపోవడం. మరీ కొత్త మోడల్ అయితే టచ్‌ప్యాడ్ కూడా మొరాయిస్తుంది. అమీర్‌పేట హాస్టళ్లలో దీనికి ఓ సలహా రెడీగా ఉంటుంది: "కెర్నల్ కంపైల్ చేసెయ్ రా, అన్నీ సెట్ అయిపోతాయి." కెర్నల్ అంటే హార్డ్‌వేర్‌ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ; కంపైల్ అంటే దాన్ని సోర్స్ కోడ్ నుంచి మనమే తయారుచేసుకోవడం. వైఫై కోసమే అయితే ఆ పని ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

ముందు కెర్నల్ లాగ్ చూపించే dmesg (డీమెసేజ్) కమాండ్ కొట్టి చూడండి. ఫర్మ్‌వేర్ (వైఫై చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్) ఫైలు దొరకలేదని అక్కడ రాసి ఉంటే ఎన్నిసార్లు కంపైల్ చేసినా లాభం లేదు. ఫర్మ్‌వేర్ ప్యాకేజీ వేరు, కెర్నల్ వేరు. కెర్నలే పాతదైతే ఉబుంటులోనే హెచ్‌డబ్ల్యూఈ (హార్డ్‌వేర్ ఎనేబుల్‌మెంట్: పాత ఉబుంటుకే కొత్త కెర్నల్ ఇవ్వడం) అనే దారి ఉంది. 24.04 విడుదలైనప్పుడు 6.8 కెర్నల్‌తో వచ్చింది. 24.04.2తో 6.11, 24.04.3తో 6.14 అందాయి. ఒక ఆప్ట్ (ఉబుంటులో ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) కమాండ్, ఒక రీస్టార్ట్, అంతే. సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా వాటంతటవే వస్తుంటాయి. నూటికి తొంభై మందికి ఇక్కడితో పని అయిపోయినట్టే.

మధ్యేమార్గం ఇంకోటుంది. మార్పులు చేర్పులు లేని తాజా కెర్నల్‌ని ఉబుంటు వాళ్లే కంపైల్ చేసి డెబ్ ఫైళ్లుగా (ఉబుంటు ఇన్‌స్టాల్ ఫైళ్లు) పెడతారు. అవి పరీక్షల కోసమే, వాటికి సెక్యూరిటీ సపోర్ట్ ఉండదు, డిజిటల్ సంతకం కూడా ఉండదు. సెక్యూర్ బూట్ (సంతకం లేని కెర్నల్‌ని అడ్డుకునే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే బూటే కాదు. బగ్ కొత్త వెర్షన్లో పోయిందో లేదో తేల్చుకోవడానికి వాడి తీసేయండి. రోజువారీ పనికి నేనైతే వద్దంటాను.

ఇక సొంత కంపైల్. "స్పీడ్ పెరుగుతుంది" అని దీనికి దిగేవాళ్లే ఎక్కువ, కానీ బ్రౌజర్ వాడకంలో మీకు తేడా కనిపించదు. డ్రైవర్లలో చాలావరకు ఎలాగూ మాడ్యూళ్లే, అంటే అవసరమైనప్పుడే లోడ్ అయ్యే విడి ముక్కలు. వాడనివి డిస్క్‌లో పడి ఉంటాయి తప్ప ర్యామ్ తినవు. అసలు లాభం వేరేచోట ఉంది: కెర్నల్ కోడ్‌లో ఒక లైను మార్చి ఏమవుతుందో చూడాలన్నా, ఉబుంటు ఆన్ చేయని ఆప్షన్ కావాలన్నా ఇదొక్కటే దారి.

దీనికయ్యే ఖర్చు టైమూ డిస్కూ. ఉబుంటు కాన్ఫిగ్‌ని (కెర్నల్‌లో ఏమేం ఉండాలో చెప్పే ఫైలు) ఉన్నదున్నట్టు తీసుకుంటే వేల మాడ్యూళ్లు కంపైల్ అవుతాయి. మామూలు ల్యాప్‌టాప్‌కి గంట దాటుతుంది. మే నెల మధ్యాహ్నం అయితే వేడికి ప్రాసెసర్ తనంతట తానే స్లో అయిపోతుంది కాబట్టి ఇంకా ఎక్కువే. డీబగ్ సమాచారం ఆపకపోతే పదుల జీబీలు పోతాయి. మధ్యలో కరెంటు పోయినా కంగారు అక్కర్లేదు. మళ్లీ మేక్ (కంపైల్ నడిపే కమాండ్) కొడితే మిగిలిన ఫైళ్ల నుంచే అందుకుంటుంది.

టైము తగ్గించడానికి లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ అనేది ఉంది. ఆ క్షణంలో లోడ్ అయి ఉన్న మాడ్యూళ్లను మాత్రమే ఉంచి మిగతావన్నీ కొట్టేస్తుంది. పని నిమిషాల్లోకి దిగుతుంది, కానీ మెలిక కూడా అక్కడే. కమాండ్ కొట్టినప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టి లేకపోతే కొత్త కెర్నల్ పెన్‌డ్రైవ్‌ని గుర్తించకపోవచ్చు. కాబట్టి ముందే పెన్‌డ్రైవ్, యూఎస్‌బీ హెడ్‌సెట్, ఫోన్ టెథరింగ్, ప్రొజెక్టర్ కేబుల్ అన్నీ ఒకసారి తగిలించాలి.

ఉబుంటు కాన్ఫిగ్‌తో మొదలుపెట్టిన వాళ్లలో చాలామందిని ఆపే ఎర్రర్ ఇంకోటి: కెనానికల్ (ఉబుంటు తయారుచేసే కంపెనీ) సర్టిఫికెట్ల పెమ్ ఫైలు లేదంటుంది. ఆ ఫైలు ఉబుంటు సోర్స్‌లో ఉంటుంది, కెర్నల్ డాట్ ఆర్గ్ నుంచి దించిన దాంట్లో ఉండదు. కాన్ఫిగ్‌లో ట్రస్టెడ్ కీస్, రివొకేషన్ కీస్ రెండింటినీ ఖాళీ చేస్తే ముందుకు కదులుతుంది.

ఇన్‌స్టాల్ చేశాక బూట్ కాలేదనుకోండి, టెన్షన్ వద్దు. గ్రబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు వచ్చే మెనూ) అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే పాత కెర్నల్ అలాగే ఉంటుంది. అందుకే పాతదాన్ని తీసేయొద్దు. సెక్యూర్ బూట్ ఉంటే మాత్రం సొంత కీతో సంతకం చేసుకోవాలి, లేదా దాన్ని ఆఫ్ చేయాలి. ఎన్‌విడియా డ్రైవర్ ఉంటే కొత్త కెర్నల్‌కి అదీ మళ్లీ బిల్డ్ కావాలి.

నా దృష్టిలో అసలు బరువు ఆ తర్వాతే మొదలవుతుంది. ఆప్ట్ మీ కెర్నల్‌ని పట్టించుకోదు. స్టేబుల్ సిరీస్‌లకు దాదాపు వారం వారం కొత్త విడుదలలు వస్తుంటాయి. ప్రతి సెక్యూరిటీ ప్యాచ్‌కీ మీరే కూర్చోవాలి. ఆఫీసు పని చేసే మెషిన్‌కి ఈ చాకిరీ ఎందుకు?

క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి కంపెనీల హైదరాబాద్ ఆఫీసుల్లో డ్రైవర్ పని మీద కన్నేసిన వాళ్ల లెక్క వేరు. వాళ్లకు కంపైల్ తప్పదు. అయితే ల్యాప్‌టాప్‌లో హెచ్‌డబ్ల్యూఈ కెర్నలే ఉంచి, ప్రయోగాలన్నీ క్యూఈఎంయూ వర్చువల్ మెషిన్‌లో (కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్) చేయడం మేలు. అక్కడ కెర్నల్ పానిక్ వస్తే (కెర్నల్ కుప్పకూలితే) ఆ విండో మూసేసి మళ్లీ నడపడమే. ఒక డ్రైవర్ మాత్రమే రాసేటట్టయితే మొత్తం కెర్నల్ కూడా అక్కర్లేదు, నడుస్తున్న కెర్నల్ హెడర్లు (మాడ్యూల్ బిల్డ్‌కి కావాల్సిన ఫైళ్లు) వేసుకుని ఆ ఒక్క మాడ్యూల్‌ని బిల్డ్ చేస్తే సరిపోతుంది.