ఊరి మురుగునీటి పనికి ఏ పద్దు మేలు?

సర్పంచులు అడుగుతున్నారు, కార్యదర్శులు అడుగుతున్నారు, ఊరి మీద మనసున్న కుర్రాళ్లూ అడుగుతున్నారు. ప్రశ్న మాత్రం ఒకటే. సైడు కాలువల నీళ్లు చెరువులో కలవకుండా ఊరి చివర ఏదో ఒకటి కట్టాలి. దానికి డబ్బు స్వచ్ఛ భారత్‌లో అడగాలా, ఆర్థిక సంఘం సిఫార్సుతో కేంద్రం ఏటా పంచాయతీలకు ఇచ్చే నిధులు తీయాలా, ఉపాధి హామీలో పెట్టించాలా? గ్రామ పంచాయతీకి నిజంగా చేతికందే పద్దులు ఈ మూడే. మిగతావాటి సంగతి తర్వాత.

దాచడం దేనికి, నేను ఆర్థిక సంఘం నిధుల పక్షం. అలాగని మిగతా రెండూ పనికిరానివని కాదు.

స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ్ రెండో దశ 2020లో వచ్చింది. మొదటి దశ మరుగుదొడ్లది, ఇది చెత్తదీ వాడిన నీటిదీ. వాడిన నీటికి లెక్క తలసరి: ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊరికి మనిషికి 280 రూపాయలు, ఐదు వేలు దాటితే 660. మూడు వేల మంది ఉన్న ఊరికి 8 లక్షల 40 వేలు అన్నమాట. ఇదంతా మిషన్ ఇస్తుందనుకుని చాలామంది ఎస్టిమేట్ వేయించేస్తారు. ఇందులో 30 శాతం, అంటే 2 లక్షల 52 వేలు, పంచాయతీయే తన ఆర్థిక సంఘం డబ్బు నుంచి పెట్టుకోవాలి. మిగిలిన 70 శాతాన్నే కేంద్రమూ రాష్ట్రమూ 60:40గా పంచుకుంటాయి. కనుక ‘స్వచ్ఛ భారతా, ఆర్థిక సంఘమా’ అన్న ప్రశ్నలోనే కొంత తిరకాసు ఉంది. మొదటిది కావాలన్నా రెండోదాని సంచి విప్పాల్సిందే.

ఆ ఐదు వేల గీత దగ్గర ఇంకో విచిత్రం చూడండి. సరిగ్గా 5,000 మంది ఉన్న ఊరికి 14 లక్షలు. ఒక్క మనిషి ఎక్కువున్న ఊరికి 33 లక్షల పైచిలుకు. గోదావరి జిల్లాల్లో ఐదు వేలు దాటిన పంచాయతీలు మామూలే కాబట్టి అక్కడివాళ్లకు ఇది బాగా కలిసొస్తుంది. పెద్ద ఊళ్లో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, పెరళ్లుండవు, ఇంటింటికీ ఇంకుడు గుంత కుదరదు, కాబట్టి ఖర్చు ఎక్కువన్న తర్కం సరే. కానీ నాలుగు వేల ఎనిమిది వందల మంది ఉన్న ఊళ్లో మాత్రం పెరళ్లు ఎక్కడున్నాయి? ఆ గీతకు ఇవతల ఉన్న ఊరికి స్వచ్ఛ భారత్ ఒక్కటీ చాలదు. అది ముందే తెలుసుకోవడం మంచిది. మరీ చిన్న ఊళ్లకు ఒక వెసులుబాటుంది, తలసరి లెక్క ఎంత తక్కువ వచ్చినా చెత్తకూ నీటికీ కలిపి కనీసం లక్ష రూపాయలు వాడుకోవచ్చు.

ఈ పద్దులో మెచ్చుకోవాల్సింది, కట్టడానికి ఒకేసారి గట్టి మొత్తం దొరకడం. నాకు నచ్చనిది, అది కట్టడంతోనే ఆగిపోవడం. ఊరిని ఓడీఎఫ్ ప్లస్ ‘మోడల్’గా, అంటే బహిరంగ మలవిసర్జన లేకుండా చెత్తనూ మురుగునూ చక్కబెట్టుకున్న ఊరుగా, ప్రకటించాలన్న తొందర జిల్లా నుంచి మండలానికి, మండలం నుంచి కార్యదర్శికి దిగుతుంది. ఊరి చివర ఇంకుడు గుంత తవ్వుతారు, రాళ్లు నింపుతారు, ఎక్కడ తీశారో నమోదయ్యే జియోట్యాగ్ ఫొటో ఎక్కిస్తారు. ఫొటోలో గుంత ఎప్పుడూ బాగానే ఉంటుంది.

ఉపాధి హామీకి వద్దాం. కూలీ 60, మెటీరియల్ 40 అన్న నిష్పత్తి అందరికీ తెలిసిందే. మురుగు పనుల్లో ఇది ఒకచోట వరం, ఇంకోచోట గుదిబండ. నీటిని మూడు గుంటల్లో వరుసగా నిలబెట్టి శుద్ధి చేసే స్థిరీకరణ కుంటలు తవ్వాలంటే ఇంతకంటే మంచి పద్దు లేదు. పనంతా మట్టి పని, కూలీల పని. ఇంటింటి ఇంకుడు గుంతలకూ, అడుగున సిమెంటు లేకుండా రాళ్ల పొరలతో నీటిని ఇంకించే మ్యాజిక్ డ్రెయిన్లకూ సరిపోతుంది. అదే సిమెంటు కాలువ, పైపులైను, పంపు అన్నారా, మెటీరియల్ వాటా పెరిగిపోయి నిష్పత్తి తప్పుతుంది, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఫైలు వెనక్కి పంపుతాడు. కాంట్రాక్టర్లు, కూలీల పని లాక్కునే యంత్రాలు ఇందులో కుదరవు. మెటీరియల్ బిల్లులు ఎప్పుడు పడతాయో సప్లయర్లనడిగితే చెప్తారు, వాళ్ల ముఖాలు చూసినా తెలుస్తుంది.

పైగా ఆ చట్టమే మారింది. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో కొత్త చట్టాన్ని ఆమోదించింది. పనిదినాలు వంద నుంచి 125 అయ్యాయి. ఇదివరకు కూలీ డబ్బంతా కేంద్రానిదే, కొత్త చట్టం ప్రకారం మన రాష్ట్రాల్లాంటివి 40 శాతం భరించాలి. రాష్ట్ర ఖజానా బిగుసుకున్న ఏడాది ఈ వాటా పనులకు అడ్డం పడుతుందేమోనని నా అనుమానం.

ఇక నేను మొగ్గే పద్దు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్లు సిఫార్సు చేసింది. పంచాయతీ, మండలం, జిల్లా మూడంచెలున్న రాష్ట్రాల్లో అందులో 70 నుంచి 85 శాతం గ్రామ పంచాయతీలకే పోవాలంది. ఆ కాలంలో 60 శాతం టైడ్, అంటే చెప్పిన పనులకే వాడాల్సిన డబ్బు; 40 శాతం అన్‌టైడ్, అంటే పంచాయతీ తన అవసరాన్ని బట్టి వాడుకునేది. టైడ్‌లో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి అని అందరూ చెప్పేస్తారు కానీ ఆ రెండో సగం పూర్తిగా చదవరు. అందులో తాగునీటితో పాటు వాన నీటి నిల్వ, నీటి పునర్వినియోగం కూడా ఉండేవి. అంటే మురుగునీటిని శుద్ధి చేసి పొలాలకో మొక్కలకో మళ్లించే పనికి రెండు సగాలూ పనికొచ్చేవి. ఒక సగానికి చెందిన అవసరాలు పూర్తిగా తీరిపోయాయని గ్రామసభ తేలిస్తే ఆ మిగులును రెండో సగానికి వాడుకునే వీలూ ఉండేది. ఈ రెండు వెసులుబాట్లూ వాడుకున్న పంచాయతీలు నాకు తక్కువే కనిపించాయి.

అయినా నన్ను ఇటు తిప్పింది ఇవి కాదు. రెండో ఏడాది ఖర్చు.

లెక్క వేయండి. జల జీవన్ మిషన్ కింద మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలి. మూడు వేల మందికి లక్షా 65 వేల లీటర్లు. వంటింట్లో, స్నానాల గదిలో వాడాక అందులో 65, 70 శాతం బయటికి వచ్చేస్తుందని ఇంజనీర్ల అంచనా. అంటే లక్ష లీటర్లకు పైనే సబ్బు నురగ, నూనె, మెతుకులు మోసుకుంటూ ప్రతిరోజూ ఆ గుంత దగ్గరికి వస్తుంది. గుంతకు ముందు బురదను ఆపే సిల్టు తొట్టి తరచూ ఖాళీ చేయాలి. చేయకపోతే బురద లోపలికి పోయి రాళ్ల సందులు మూసుకుంటాయి, నీళ్లు మళ్లీ రోడ్డెక్కుతాయి. రాళ్లు తీసి కడిగి మళ్లీ పేర్చాలి. కుంటలైతే గుర్రపుడెక్క పట్టేస్తుంది, గట్టు జారుతుంది, కొన్నేళ్లకు అడుగున పేరుకున్న బురద ఎత్తిపోయాలి. పంపు పెట్టారా, నెల తిరిగేసరికి కరెంటు బిల్లు సిద్ధం.

ఈ ఖర్చుకు స్వచ్ఛ భారత్‌లో పద్దు లేదు. ఉపాధి హామీలో పూడికతీత పేరుతో ఎప్పుడైనా పెట్టించొచ్చు, కానీ తొట్టి నిండిన వారానికి పని మంజూరు కావాలిగా. టైడ్ గ్రాంట్ ఒక్కటే నిర్వహణకు కూడా వాడుకోవచ్చు, అదీ ఏటా వస్తుంది. పథకాలకు గడువు తీరుతుంది, పేరు మారుతుంది. ఆర్థిక సంఘం అలా కాదు, రాజ్యాంగం 280వ అధికరణం ప్రకారం ఏర్పడేది. 73వ సవరణ తర్వాత పంచాయతీల వనరుల గురించి కూడా అది సిఫార్సు చేయాల్సిందే. 2026 ఏప్రిల్ నుంచి 16వ సంఘం కాలం కాబట్టి నిష్పత్తులూ వాడుక నిబంధనలూ కొత్త మార్గదర్శకాల్లో చూసుకోండి.

ఈ పద్దుకూ లోపాలున్నాయి, చిన్నవేం కాదు. చిన్న పంచాయతీకి వచ్చే మొత్తం తక్కువ, దాంతో ఏకంగా కట్టడం లేవదు. ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో లేకపోతే నిధులు రావు. ఎన్నికైన పాలకవర్గం లేకపోయినా రావు. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల గడువు ముగిశాక 2025 డిసెంబరు దాకా ఎన్నికలు జరగలేదు, కేంద్రం నిధులు ఆపేసింది, ప్రత్యేకాధికారుల పాలనలో పంచాయతీలు అల్లాడాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ డబ్బును కరెంటు బకాయిల కింద సర్దేశారని సర్పంచులు రోడ్డెక్కిన సంగతీ మరిచిపోలేం. ఇవన్నీ తెలిసే చెప్తున్నాను. నిర్వహణకు డబ్బు రావడంలో ఆలస్యమయ్యే పద్దు కంటే, నిర్వహణకు డబ్బే లేని పద్దు ఎక్కువ నష్టం చేస్తుంది.

నేల సంగతి కూడా పద్దును మారుస్తుంది. ఎర్ర నేలల్లో, నీటి మట్టం లోతుగా ఉన్నచోట ఇంటింటికీ ఇంకుడు గుంత పెడితే ఊరి చివరికి వచ్చే నీరే తగ్గిపోతుంది, అక్కడ ఉపాధి హామీ ముందుండాలి. డెల్టాలో, నల్లరేగడిలో గుంత నీళ్లు తాగదు. వానాకాలం నీటిమట్టం పైకొస్తే గుంతే ఊటబావి అవుతుంది. అలాంటి చోట కుంటలే గతి. అంటే స్థలం కావాలి, స్వచ్ఛ భారత్ మొత్తం కావాలి, తవ్వకానికి కూలీలూ కావాలి.

నగర పంచాయతీలూ మున్సిపాలిటీల వాళ్లూ అడుగుతున్నారు కాబట్టి వాళ్ల సంగతీ కొంచెం. పట్టణాల నీరు, మురుగు పనులకు కేంద్రం పెట్టిన అమృత్ 2.0 పథకంలో లక్ష లోపు జనాభా ఉన్న పట్టణానికి ప్రాజెక్టులో సగం కేంద్రం ఇస్తుంది, లక్ష నుంచి పది లక్షలైతే మూడో వంతు, ఆ పైన పావు వంతు. గ్రాంటు పెద్దదే, అయినా పాత ప్రశ్న ఇక్కడా తప్పదు. 1986లో మొదలైన గంగా కార్యాచరణ ప్రణాళిక కింద గ్రాంట్లతో కట్టిన శుద్ధి కేంద్రాలు నిర్వహణ లేక కుంటుబడ్డాయి. ఆ అనుభవం తర్వాతే గంగ శుద్ధికి వచ్చిన నమామి గంగే పథకంలో హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతి తెచ్చారు. కట్టే సంస్థకు నిర్మాణ సమయంలో 40 శాతమే ఇస్తారు. మిగిలిన 60 శాతం 15 ఏళ్ల పాటు, ప్లాంటు నడుస్తుంటేనే, వాయిదాల్లో. నా లెక్కలో ఇదే సరైన దారి. బాండ్లు, అంటే మదుపరుల దగ్గర అప్పు పత్రాల మీద డబ్బు తేవడం, పెద్ద నగరాల వ్యవహారం. 2021లో గాజియాబాద్ 150 కోట్ల గ్రీన్ బాండ్ అమ్మగలిగింది, శుద్ధి చేసిన నీటిని కొనడానికి పక్కనే పరిశ్రమలున్నాయి కాబట్టి. కొనేవాళ్లు లేని ఊరు బాండ్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

నాబార్డు ఆర్‌ఐడీఎఫ్ (గ్రామీణ మౌలిక వసతుల నిధి) అప్పు రాష్ట్ర ప్రభుత్వం తీసుకునేది, సర్పంచి చేతిలో లేదు. గనులున్న జిల్లాల్లో గనుల సంస్థలు కట్టే డబ్బుతో నడిచే జిల్లా మినరల్ ఫౌండేషన్ నిధులకు పారిశుద్ధ్యం ప్రాధాన్య రంగమే, కలెక్టరు తలుచుకుంటే అవుతుంది. ఎంపీ నిధులు కంచెకో గేటుకో అడగొచ్చు, అంతకు మించి ఆశ పెట్టుకోకండి.

గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారీ ఏటా అక్టోబరు 2న మొదలవుతుంది. అప్పటి గ్రామసభ తీర్మానంలో ఈ పనిని రెండుగా రాయించండి. కట్టడం స్వచ్ఛ భారత్, ఉపాధి హామీ కింద ఒకటి. ఏటా సిల్టు తీయడం, రాళ్లు కడగడం, కుంట శుభ్రం చేయడం టైడ్ గ్రాంట్ కింద ఇంకొకటి. రెండోది పంచాయతీల ప్రణాళికలూ లెక్కలూ ఉండే ఈగ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లోని ప్రణాళికలో ఎక్కకపోతే, వచ్చే ఏడాది తొట్టి నిండినప్పుడు ఖాతాలో డబ్బున్నా ఆ పనికి బిల్లు పెట్టడానికి కార్యదర్శికి దారుండదు.