రిచ్‌మండ్ జార్జియన్ థియేటర్‌లో నాటకం: సీటు చూసి టికెట్టు కొనండి

ఇంగ్లండ్‌లో నార్త్ యార్క్‌షైర్‌లోని రిచ్‌మండ్ చిన్న ఊరు. కొండ మీద కోట, కోట ముందు రాళ్లు పరిచిన సంత మైదానం, అక్కణ్ణుంచి నాలుగడుగులు వేస్తే జార్జియన్ థియేటర్ రాయల్. జార్జియన్ అంటే ఇంగ్లండ్‌ని జార్జి రాజులు ఏలిన కాలం నాటిదని. బయటినుంచి చూస్తే ధాన్యం గోదాములా ఉంటుంది, బోర్డు చూడకపోతే దాటి వెళ్లిపోతాం. లోపల 214 సీట్లు. మిడిల్స్‌బ్రో, డార్లింగ్టన్, న్యూకాజిల్ వైపు ఉండే తెలుగువాళ్లు ఒక సాయంత్రం కేటాయించి తీరాల్సిన చోటు ఇది. కాకపోతే ఏ సీటు తీసుకున్నామన్న దాని మీదే ఆ సాయంత్రం ఎలా ఉంటుందన్నది ఆధారపడుతుంది.

దీన్ని 1788లో శామ్యూల్ బట్లర్ అనే నటుడు కట్టించాడు. నాటక సమాజాన్ని నడిపిందీ ఆయనే. మన సురభివాళ్లు హాలుతో సహా బళ్లకెత్తుకుని ఊరూరా తిరిగితే, బట్లర్ తను తిరిగే ఊళ్లలో థియేటర్లు పెట్టుకుని సమాజాన్ని వాటి మధ్య తిప్పాడు. 1848లో నాటకాలు ఆగిపోయాయి. ఆ తర్వాత హాల్లో వేలంపాటలు జరిగాయి, కింద నేలమాళిగలు తవ్వి వైన్ నిలవచేశారు, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పాత సామాను పోగేశారు. అన్నేళ్లూ ఎవరూ దాన్ని కొత్త ఫ్యాషన్‌కి మార్చాలనుకోలేదు గనకే పాత చెక్కపని దక్కింది. బాగుచేసి 1963లో మళ్లీ తెరిచారు, 2002-03లో ఇంకోసారి పెద్ద ఎత్తున మరమ్మతులు చేశారు. తొలినాటి రూపం ఇంతగా నిలుపుకుని, ఇప్పటికీ నాటకాలు ఆడుతున్న ఇలాంటి హాలు బ్రిటన్‌లో మరొకటి లేదు.

ఇక సీట్ల సంగతి. హాలు మూడు భాగాలు: మధ్యలో పల్లంగా ఉండే పిట్, దాని చుట్టూ మూడువైపులా బాక్సులు (కొద్దిమంది కూర్చునేలా విడివిడిగా కట్టిన అరలు), పైన గ్యాలరీ. మన సినిమాహాల్లో నేల టికెట్టు చౌక, బాల్కనీ ఖరీదు. ఇక్కడ ఆ రోజుల్లో పైనున్న గ్యాలరీయే అన్నిటికన్నా చౌక: ఒక షిల్లింగు. పిట్ రెండు, బాక్సు మూడు. ఈ తిరగేసిన లెక్క తెలియక, పైనుంచైతే బాగా కనిపిస్తుందని గ్యాలరీ కొంటే ఇబ్బంది పడతారు. అక్కడ కూర్చునేది బెంచీల మీద, కాళ్లు చాపుకోడానికి చోటు తక్కువ, మెట్లు ఇరుకు. పొడుగ్గా ఉన్నవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అటు పోవద్దు. మెట్లెక్కగలిగిన కుర్రవాళ్లకి మాత్రం అదో అనుభవమే. అక్కడ కాళ్ల దగ్గర ఒక అడ్డచెక్క ఉంటుంది, చూడండి. ఆట నచ్చకపోతే జనం బూటుకాళ్లతో దాన్ని ధనధనా తన్నేవాళ్లు. మన పద్యనాటకాల్లో మెచ్చుకోడానికి వన్స్‌మోర్ ఎలాగో, వీళ్లకి కోపం చూపించడానికి ఆ చెక్క అలాగ.

పక్క బాక్సులు ఫొటోలో అందంగా ఉంటాయి, కూర్చుంటే మెడ పట్టేస్తుంది. వేదికని పక్కనుంచి చూడాలి కాబట్టి మీ వైపు మూలలో జరిగేది సగం కనబడదు, పైగా గ్యాలరీని మోసే స్తంభాలు అడ్డొస్తాయి. టికెట్ల పేజీలో 'రిస్ట్రిక్టెడ్ వ్యూ' అని రాసి ఉంటే ఆ మాట నమ్మండి. పిల్లలతో వెళ్లేవాళ్లకి వేదికకి ఎదురుగా ఉన్న మధ్య బాక్సులు మంచివి, ముందు ఎవరి తలా అడ్డురాదు. షేక్స్పియర్ పేరు రాసి ఉన్న బాక్సు కూడా అక్కడే. ఇద్దరే అయితే పిట్ తీసుకోండి, మొదటి వరస మాత్రం వద్దు. వేదిక మీకంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి ఆటంతా తల పైకెత్తి చూడాలి. రెండు మూడు వరసలు వెనక్కి జరిగితే నటుడి కనుబొమ్మ కదిలినా తెలుస్తుంది.

ఏ ఆటకి వెళ్లాలి? తిరుగుడు సమాజాల నాటకాలు, కచేరీలు, హాస్య కార్యక్రమాలు అన్నీ వస్తాయి గానీ, ఊరివాళ్ల ఔత్సాహిక నాటక సమాజాలు ఆడేవే ముందు చూడమంటాం. ఈ హాలు కొలతలకి అవే అతుకుతాయి. పెద్ద హాళ్లకి అలవాటుపడ్డ నటులు ఇక్కడ గొంతు పెంచితే చెవులు గింగురుమంటాయి. ఊరివాళ్లకి ఎంత గొంతు చాలో తెలుసు. వేదిక చిన్నది కాబట్టి పెద్ద సెట్లు, ఇరవైమంది గుంపు నాట్యాలు ఆశించకండి. క్రిస్మస్ రోజుల్లో పాంటోమైమ్ ఉంటుంది. ఇది మూకాభినయం కాదు, పాటలతో, హాస్యంతో పిల్లల కథ ఆడే నాటకం. ఆడవేషం కట్టిన మగనటుడు అందులో తప్పనిసరి, కానీ స్థానం నరసింహారావుగారి స్త్రీపాత్రలా నిజమనిపించడం వాళ్ల ఉద్దేశం కాదు, నవ్వించడమే పని. 'హి ఈజ్ బిహైండ్ యూ' (వాడు నీ వెనకే ఉన్నాడు) అని వేదిక మీది పాత్రకి చెబుతూ హాలంతా అరిచేటప్పుడు పిల్లల్ని ఆపకండి, అరవడమే అక్కడి మర్యాద. ఇంగ్లీషు యాస పూర్తిగా పట్టుబడకపోయినా కథ తెలిసిపోతుంది. పాంటోమైమ్ టికెట్లు, ముఖ్యంగా శని ఆదివారాలవి, ముందే అయిపోతాయి.

చక్రాల కుర్చీ అవసరమైతే ఆన్‌లైన్లో కొనకుండా బాక్సాఫీసుకి ఫోన్ చేసి చెప్పండి. హాలు చిన్నది, జనం నిండితే వేడెక్కుతుంది. కోటు తీసి ఒళ్లో పెట్టుకునేంత చోటు కూడా ఉండదు, పలచటి జాకెట్ మేలు.

పగలు వాలంటీర్లు హాలు తిప్పి చూపిస్తారు. ఆట ఉన్న రోజే పగటిపూట వచ్చి అది కూడా చూసుకోవడం మంచిది, ఎందుకంటే 'వుడ్‌లాండ్ సీన్' అనే అడవి తెరలు అక్కడే ఉన్నాయి. 1818-1836 మధ్య వేసినవి, బ్రిటన్‌లో మిగిలిన రంగస్థల తెరల్లో అన్నిటికన్నా పాతవి. దగ్గరికెళ్లి చూస్తే ఆకులు ఆకుల్లా ఉండవు, ముదురు రంగు మీద వేసిన లేతరంగు కుంచె దెబ్బలే. పది అడుగులు వెనక్కి వస్తే అడవి అవుతుంది.

రిచ్‌మండ్‌కి రైలు లేదు, స్టేషన్ 1969లోనే మూతపడింది. డార్లింగ్టన్‌లో దిగి బస్సెక్కాలి. టికెట్టు కొనేముందే తిరుగు ప్రయాణానికి చివరి బస్సు ఎన్నింటికో చూసుకోండి. సాయంత్రం ఆట వదిలేసరికి రాత్రి పది కావచ్చు. బస్సు కుదరకపోతే మధ్యాహ్నం ఆట ఎంచుకోండి, లేదా నలుగురు కలిసి ఒక కారులో రండి.