హైస్కూల్ సీజనా, వేసవి సర్క్యూటా: రిక్రూట్‌ను దేన్ని చూసి అంచనా వేయాలి?

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులోకి రాబోయే కుర్రాడి సత్తా తేల్చడానికి అభిమానుల ముందు రెండు దారులు: హైస్కూల్ మ్యాచ్‌లు, లేదా వేసవిలో నైకీ ఈవైబీఎల్ (కుర్రాళ్ల క్లబ్ జట్ల లీగ్) లాంటి సర్క్యూట్ ఆటలు.

హైస్కూల్లో సగటున 28 పాయింట్లంటే నోరెళ్లబెట్టక్కర్లేదు. ఎదుటి సెంటర్ (రింగ్ దగ్గర ఆడే ఆటగాడు) ఆరడుగుల మూడంగుళాల వాడైతే, ఆరడుగుల తొమ్మిదంగుళాల పిల్లాడు రింగ్ కింద నిలబడితే చాలు, పాయింట్లు వాటంతటవే వస్తాయి. త్రీ పాయింట్ గీత (దాని అవతలి నుంచి వేస్తే మూడు పాయింట్లు) కూడా అక్కడ రింగ్‌కు 19 అడుగుల 9 అంగుళాల దూరమే. కాలేజీ పురుషుల ఆటలో 22 అడుగుల ఒకటిముప్పావు అంగుళం. షాట్ క్లాక్ (ఇన్ని సెకన్లలో షాట్ వేయాలనే గడువు) లేని రాష్ట్రాలూ ఇంకా ఉన్నాయి.

సర్క్యూట్లో ప్రత్యర్థులు సమఉజ్జీలు. కాకపోతే జట్టుగా సాధన తక్కువ, ఎవరికి వారే బంతి పట్టుకుని దూసుకుపోతారు. హెల్ప్ డిఫెన్స్ (సహచరుణ్ని దాటొచ్చిన ప్రత్యర్థిని అడ్డుకోవడం) చూడాలంటే మళ్లీ హైస్కూల్ వీడియోకే రావాలి.

అయినా నా మొగ్గు సర్క్యూట్ వైపే. హైలైట్ క్లిప్పులు పక్కన పెట్టి పూర్తి మ్యాచ్ చూడండి: షాట్ పోయాక వెనక్కి పరిగెత్తాడా? స్క్రీన్ (దారికి అడ్డంగా నిలబడ్డ ప్రత్యర్థి) తగలగానే ఆగిపోయాడా? ఎడమచేత్తో ఫినిష్ చేయగలడా? త్రీల శాతాన్ని తొందరపడి నమ్మొద్దు. 30 ప్రయత్నాల్లో రెండు అటూ ఇటైతే శాతం దాదాపు 7 పాయింట్లు మారిపోతుంది. రెండు చోట్లా కలిపిన ఫ్రీ త్రో (ఫౌల్ తర్వాత ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్) శాతమే షూటింగ్ నైపుణ్యం గురించి నికరంగా చెబుతుంది.